చర్చికి పాత సామాన్లు ఇస్తామంటే తీసుకోవాలా, వద్దనాలా?

విభాగం: సంఘ జీవితం, సేవ

వడ్డేపల్లి_యూత్ (హన్మకొండ)

అందరికీ వందనాలు. ఈ ఏడాదే నన్ను మా సంఘం కమిటీలో వేశారు. పోయిన మీటింగ్‌లో ఒక విషయం మీద మాటామాటా పెరిగింది కానీ తేలలేదు. ఇక్కడి పెద్దలు ఏమంటారో చూద్దామని రాస్తున్నా.

మా చర్చి స్టోర్ రూమ్ తెరిస్తే కనిపించేవి ఇవి: తిరగని సీలింగ్ ఫ్యాన్లు, కాలు విరిగిన సోఫా, డబ్బా టీవీ, సగం మీటలు పలకని కీబోర్డు, ఎవరికీ పట్టని సూట్లు. అన్నీ 'దేవుని మందిరానికి కానుక'గా వచ్చినవే. ఎవరింట్లో కొత్తది కొన్నా పాతది ఆటో ఎక్కి ఇక్కడికి వస్తుంది. ఆదివారం ఇచ్చినవాళ్ల పేరు చదివి ప్రార్థన కూడా చేస్తాం. ఇప్పుడు ఒక కుటుంబం పాత ఏసీ ఇస్తామంటోంది. గ్యాస్ కారిపోతోందని వాళ్లే చెప్పారు.

కమిటీలో సగం మంది 'ఇచ్చేవాళ్ల మనసు నొప్పించొద్దు, తీసుకుందాం' అంటున్నారు. మిగతావాళ్లు బైబిల్లో మలాకీ ప్రవక్త మొదటి అధ్యాయం (లోపమున్న బలులను తప్పుపట్టే చోటు) తీస్తున్నారు. వచ్చే నెల కోత పండుగ, అందరూ పంట కానుకలు తెస్తే వాటిని వేలం వేసే రోజు. 'దేవునికి శ్రేష్ఠమైనది ఇవ్వడం' మీద పది నిమిషాలు నన్నే మాట్లాడమన్నారు. అందుకే నాకు డబుల్ టెన్షన్.

మిర్చి_యార్డు (ఎనుమాముల)

తమ్ముడూ, నేను అడ్తి దుకాణంలో గుమాస్తాను. కల్లంలో మిర్చి ఎండాక కూలీలు కూర్చొని ఎర్ర కాయ ఒక పక్కకు, రంగు పోయిన తెల్ల కాయ ఇంకో పక్కకు ఏరుతారు. ఆ తెల్లదే తాలు. యార్డులో తాలు బస్తా వేరు, దాని ధర వేరు. చాలాసార్లు మంచి కాయ ధరలో సగం కూడా పలకదు. మంచి కాయలో తాలు కలిపి తెస్తే కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి అక్కడికక్కడే పట్టేస్తాడు.

మా ఊరి చర్చిలో కోత పండుగ నాడు బల్ల ముందు పోసిన మిర్చి చూశా. తాలే ఎక్కువ. యార్డులో చెల్లదని తెలిసిన కాయ చర్చిలో ఎట్లా చెల్లుతుందనుకున్నారో! నేను అడగలేదులే. అడిగితే వేలంలో నువ్వే పాడు అంటారు.

మలాకీ అడిగింది ఇదే కదా. గుడ్డిదాన్ని, కుంటిదాన్ని, రోగం వచ్చినదాన్ని బలికి తెచ్చారే, దాన్నే మీ అధికారికి ఇచ్చి చూడండి, ఒప్పుకుంటాడా అని. మన ఊరికి కలెక్టర్ వస్తే కాలు విరిగిన సోఫా వేస్తామా? ఏసీ వద్దని చెప్పండి.

సండేస్కూల్_టీచరమ్మ (కాజీపేట)

అన్నా, మలాకీ ఆ మాట ముందు ఎవరిని అన్నాడో ఆరో వచనంలో చూడండి. యాజకులను. తెచ్చినవాడి కంటే ముందు, దాన్ని తీసుకొని బలిపీఠం ఎక్కించినవాళ్లను నిలదీశాడు. తెచ్చినవాడి సంగతి పద్నాలుగో వచనంలో వస్తుంది. వాడు కూడా ఏమీ లేనివాడు కాదు. మందలో మంచి పొట్టేలు ఉండి, మొక్కుకొని, తీరా సమయానికి పనికిరానిదాన్ని తోలుకొచ్చినవాడు.

కాబట్టి తమ్ముడూ, మైకులో పేర్లు చదివి చప్పట్లు కొట్టించేది మీ కమిటీయే. స్టోర్ రూమ్ నిండింది ఇచ్చినవాళ్ల వల్లే కాదు, మొహమాటం వల్ల కూడా.

పరకాల_కౌలురైతు

జర నా మాట కూడా వినండి. మీరు ఏసీలు, సోఫాల గురించి మాట్లాడుతున్నారు. నాకు సొంత భూమి లేదు, కౌలుకు పత్తి పెడతా. పత్తిలో మొదటి ఏరుడే తెల్లగా, మంచిగా ఉంటుంది. ఆ పత్తి పైసలు నేరుగా అడ్తిదారుకే పోతాయి, విత్తనాలు, మందులు అతని దగ్గర అప్పుకే తెచ్చాను కాబట్టి. తర్వాత కౌలు కట్టాలి. నా చేతిలో మిగిలేది చివరి ఏరుడు, వానకు తడిసి రంగు మారిన పత్తి.

ప్రథమ ఫలం, అంటే పంటలో మొదటిది, ఇవ్వమని పుల్పిట్ మీద నుంచి చెప్పిన ప్రతిసారీ తల వంచుకొని కూర్చుంటా. అప్పు ఆపి ముందు దేవునికి ఇవ్వాలా? లేదా మిగిలింది ఇచ్చి, దేవుడు కానుక ఒప్పుకోని కయీను లెక్కలోకి పోవాలా? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

నిజం_చెప్తా (వరంగల్)

కౌలురైతు అన్నా, అప్పు తీర్చు ముందు. అప్పిచ్చినవాడి సొమ్ము తెచ్చి దేవునికి ఇస్తే అది నీ కానుక ఎట్లా అవుతుంది?

ఈ 'శ్రేష్ఠమైనది' అనే మాట వింటేనే నాకు భయం. 'విత్తనపు కానుక వెయ్యి, నూరంతలు వస్తుంది' అని ఒక సభలో చెబితే మా బంధువు ఒకామె చెవి కమ్మలు తీసి ఇచ్చింది. కమ్మలు పోయాయి, నూరంతలు రాలేదు. చెప్పినాయన మాత్రం కారు మార్చాడు.

మోడరేటర్

వ్యక్తుల పేర్లు, సంఘాల పేర్లు రానివ్వకండి. ఇప్పటిదాకా రాలేదు, అలాగే కొనసాగించండి.

హెచ్చెం_సారు (మహబూబాబాద్)

కౌలురైతు తమ్ముడి ప్రశ్న దగ్గర అందరం కాస్త ఆగాలి. ఈ చర్చలో అసలు ప్రశ్న అదే, ఏసీ సంగతి కాదు.

బలుల గురించి లేవీయకాండం చాలా కఠినంగా మాట్లాడుతుందని మనకు తెలుసు. కానీ అదే పుస్తకం ఐదో అధ్యాయంలో, గొర్రెను తేలేనివాడు రెండు గువ్వలనో రెండు పావురం పిల్లలనో తేవచ్చని ఉంది. అవి కూడా తేలేకపోతే తూమెడు గోధుమపిండిలో పదో వంతు. దాని మీద నూనె, సాంబ్రాణి కూడా అక్కర్లేదు. పిండి తెచ్చినవాడికి దొరికిన క్షమాపణ గొర్రె తెచ్చినవాడికి దొరికినదాని కంటే ఒక్క పిసరు తక్కువని అక్కడ లేదు. యేసు పుట్టాక యోసేపు మరియలు యెరూషలేముకు వెళ్లి అర్పించింది కూడా పేదల కోసం పెట్టిన ఆ పక్షుల జతే, లూకా రెండో అధ్యాయంలో చూడండి. గొర్రెపిల్లను తేలేని ఇల్లు వాళ్లది.

ప్రథమ ఫలాల విషయానికొస్తే ద్వితీయోపదేశకాండం ఇరవై ఆరో అధ్యాయం అడిగింది ఒక గంప. పంటంతా కాదు. గంపలో పోసి యాజకుని ముందు పెట్టి, మా పితరుడు తిరుగుతూ బతికిన దిక్కులేనివాడు, ఐగుప్తులో మమ్మల్ని బాధపెట్టారు, దేవుడు బయటికి తెచ్చాడు అని చెప్పాలి. ఆ తర్వాత లేవీయులతో, పరదేశులతో కలిసి సంతోషించాలి. అప్పులవాడి మెడ మీద కత్తి పెట్టిన చట్టం కాదది. తమ్ముడూ, మొదటి ఏరుడులో ఒక గంపెడు పత్తి పక్కన పెట్టగలవా? అది కుదరకపోతే ఒక దోసెడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు చెప్పింది కూడా ఇదే. మనసు సిద్ధంగా ఉంటే ఉన్నదాన్ని బట్టే లెక్క, లేనిదాన్ని బట్టి కాదు.

ఇంకొక సంగతి. ఇరవై రెండో అధ్యాయంలో లేవీయకాండం ఒక తేడా చూపిస్తుంది. అవయవం కాస్త పొడుగో పొట్టో అయిన ఎద్దునో గొర్రెనో మనసు పుట్టి ఇచ్చే స్వేచ్ఛార్పణగా తేవచ్చు కానీ మొక్కుబడిగా చెల్లదు. అంటే మాట ఇచ్చినచోట పట్టింపు ఎక్కువ, ప్రేమతో తెచ్చినచోట కొంత సడలింపు. కమిటీ వాళ్లు ఈ వచనాన్ని కూడా పక్కన పెట్టుకొని మాట్లాడితే మంచిది. పాతదంతా తాలు అనలేం.

మిర్చి_యార్డు (ఎనుమాముల)

సారూ, పొట్టి కాలు గొర్రె బతికే ఉంటుంది కదా. గ్యాస్ కారిపోయే ఏసీని ఏ అర్పణ కింద రాస్తారు?

హెచ్చెం_సారు (మహబూబాబాద్)

దాన్ని స్క్రాప్ కింద రాస్తారు నాయనా. దాని విషయంలో నేనూ నీ పక్షమే.

భూపాలపల్లి_షిఫ్ట్

నేను బొగ్గు గనిలో పని చేస్తా. వస్తువుల సంగతి పక్కన పెడితే నాకు పెద్ద బాధ టైము. నైట్ షిఫ్ట్ దిగి తెల్లారి ఇంటికొచ్చి, స్నానం చేసి ఆదివారం ఆరాధనకు పోతే పాట అయ్యేలోపే కునుకు వస్తుంది. పక్కనున్న అన్న మోచేత్తో పొడుస్తాడు. దేవునికి నేను ఇస్తున్నది మిగిలిపోయిన ఒళ్లు. బలం ఉన్న గంటలన్నీ భూమి కింద పోతున్నాయి.

ఎంజీఎం_సిస్టర్ (వరంగల్)

భూపాలపల్లి అన్నా, అదే ప్రశ్న నన్నూ తినేది. వార్డులో డ్యూటీ అంటే నిలబడినకాడికి నిలబడటమే. ఇంటికొచ్చి బైబిలు తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి.

మీరు ఏం చేసినా మనుషుల కోసం కాదు, ప్రభువు కోసం అన్నట్టు మనస్ఫూర్తిగా చేయండని కొలస్సీ మూడో అధ్యాయంలో ఉంది కదా. పౌలు ఆ మాట పాస్టర్లకు రాయలేదు. అంతకు ముందు వచనంలో 'దాసులారా' అని పిలిచి వాళ్లకే చెప్పాడు. సొంత టైము అంటూ లేనివాళ్లకు. ఆదివారం రావడమే కుదరని బానిసలు ఆ సంఘంలో ఎందరో ఉండి ఉంటారు. వాళ్లు చేసే పనే ప్రభువుకు చేసిన సేవ అన్నాడు.

అప్పటి నుంచి నేను ఇట్లా అనుకుంటున్నా: సెలైన్ ఎక్కించేటప్పుడు నరం సరిగ్గా దొరికేదాకా ఓపిక పట్టడం, పక్క తడిసిందని రోగి సిగ్గుపడితే విసుక్కోకుండా మార్చడం, ఇవి నా మొదటి గంటలే. దేవుడు వాటిని లెక్కలోకి తీసుకోడని నాకు ఎవరూ చూపించలేదు. నువ్వు గనిలో పక్కవాడి ప్రాణం జాగ్రత్తగా చూసుకుంటే అది నిద్ర కళ్లతో పాడిన పాట కంటే తక్కువ కాదు. కునుకు వస్తే రానియ్యి. రావడం మాత్రం మానకు.

కాయర్_అన్న (జనగామ)

సిస్టర్ మాట బాగుంది. కానీ దాన్ని అడ్డం పెట్టుకొని తప్పించుకునేవాళ్లు మా కాయర్‌లో బోలెడు మంది. 'నా ఉద్యోగమే నా సేవ' అంటారు. ఆఫీసు ప్రెజెంటేషన్‌కు వారం ముందు నుంచి రిహార్సల్ చేస్తారు, ఆదివారం పాటకు మాత్రం సౌండ్ చెక్ అయ్యేటప్పుడు శ్రుతి అడుగుతారు. క్రిస్మస్‌కు 'ఆత్మ నడిపిస్తాడు బ్రదర్' అంటారు. ఆత్మ నడిపిస్తాడు, కాదనను. పల్లవి బట్టీ పట్టడం మాత్రం మన పని.

నిర్గమకాండంలో, ఎడారిలో ఆరాధన గుడారం పని చేసిన బెసలేలును చూడండి. దేవుని ఆత్మతో నింపబడ్డాడని రాసి ఉంది. నింపబడి ఏం చేశాడు? బంగారం, వెండి, ఇత్తడి పని, రత్నాలు చెక్కడం, కర్ర చెక్కడం. చేతి పని!

అదే చోట ఇంకో మాట ఉంది, నవ్వకండి. జనం గుడారం కోసం పొద్దున్నే రోజూ తెస్తూనే ఉంటే పనివాళ్లు వచ్చి మోషేతో 'కావలసిన దానికంటే ఎక్కువ వస్తోంది' అన్నారు. మోషే పాళెమంతా చాటింపు వేయించాడు, ఇక తేవద్దు అని. 'ఇక చాలు, కానుకలు ఆపండి' అనే ప్రకటన మనలో ఎవరైనా ఏ చర్చిలోనైనా విన్నారా?

నిజం_చెప్తా (వరంగల్)

విన్లేదన్నా. వింటే ఆ రోజే సభ్యత్వం తీసుకుంటా.

ఫాతిమానగర్_వాసి (కాజీపేట)

నేను కేథలిక్‌ను, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. పేద విధవరాలి రెండు కాసుల మీద మా దగ్గర, మీ దగ్గర ఒకే ప్రసంగం నడుస్తుంది: ఆమెలాగా ఉన్నదంతా ఇవ్వండి అని. మార్కు పన్నెండో అధ్యాయంలో దానికి సరిగ్గా ముందు ఏముందో చాలామంది చదవరు. పొడుగు అంగీలు వేసుకొని, దీర్ఘ ప్రార్థనలు చేసి, విధవరాండ్ర ఇళ్లు మింగే శాస్త్రులకు (ధర్మశాస్త్రం బోధించేవాళ్లకు) కఠిన శిక్ష అని యేసు చెప్పాడు. ఆ వెంటనే కానుకపెట్టె ఎదుట కూర్చొని ఈమెను చూపించాడు. ఆమెను మెచ్చుకున్నాడు, నిజమే. ఆమె రెండు కాసులు తీసుకున్న వ్యవస్థను మెచ్చుకోలేదు. పైన ఒకరు రాసిన చెవి కమ్మల సంగతి చదివితే నాకు ఇదే గుర్తొచ్చింది.

అట్లాగే కొర్బాను. తల్లిదండ్రులకు పెట్టాల్సింది 'దేవునికి అర్పితం' అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను అదే సువార్త ఏడో అధ్యాయంలో యేసు గట్టిగా తప్పుపట్టాడు. ముసలి తల్లికి బీపీ మాత్రలు కొనకుండా గోపురానికి మార్బుల్ వేయిస్తే అది శ్రేష్ఠమైన కానుక కాదు.

మెదక్_కోడలు (కరీంనగర్)

గోపురం అన్నారు కాబట్టి ఒక మాట. మా అత్తగారిది మెదక్. ఆ పెద్ద చర్చి గోపురం 175 అడుగులు. నేల మీద పలకలు ఇంగ్లండ్ నుంచి తెప్పించినవి. కరువు కాలంలో అంత కట్టడం అవసరమా అని ఇప్పటి మనిషి ఎవరైనా అడుగుతాడు. కానీ మిషనరీ పాస్నెట్ దొర దాన్ని కట్టించింది కరువు వల్లే. ఊరికే పంచకుండా పని చూపించి, ఆ పనికి తిండి పెట్టారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అంటే వందేళ్లు దాటింది.

బేతనియలో మరియ (యేసు తల్లి కాదు, లాజరు తోబుట్టువు) అచ్చ జటామాంసి అత్తరు యేసు మీద పోసినప్పుడు మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అన్నవాడు యేసును పట్టించిన శిష్యుడు యూదా. రోజుకు ఒక దేనారం కూలి అనుకుంటే ఏడాది కూలి దగ్గర దగ్గర. యేసు ఆమెనే సమర్థించాడు. కాబట్టి అందంగా, ఖరీదుగా ఇచ్చిన ప్రతిదాన్నీ దుబారా అనొద్దు. మరియ సొంతది ఇచ్చింది, ఎవరినీ చందా అడగలేదు. అక్కడ తేడా.

నిజం_చెప్తా (వరంగల్)

చివరి మాట ఒప్పుకున్నా అక్కా.

హెచ్చెం_సారు (మహబూబాబాద్)

మెదక్ మాట వచ్చింది కాబట్టి మా డోర్నకల్ గురించి చెప్పకపోతే నిద్ర పట్టదు. బిషప్ అజరయ్య గారు 1909లో అక్కడికి మిషనరీగా వచ్చారు. పంపింది విదేశీ సంఘం కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. డబ్బు మన దేశస్థులదే, మనుషులు మన దేశస్థులే. తమిళుడైన ఆయన ముప్పై దాటాక కూర్చొని తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు.

ఆయన సంఘాల్లో ఎక్కువమంది వెట్టి చేసిన, కూలి చేసిన దళితులు. పేదవాళ్లు, వీళ్లేం ఇస్తారులే అని ఆయన వదిలేయలేదు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. నాకు అర్థమైనంతలో కారణం ఇది: ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యిగానే ఉన్నవాడికి సంఘం తనది అనిపించదు. దొరల చర్చి అనిపిస్తుంది. గుప్పెడు బియ్యం ఇచ్చిన ఆడమనిషి, ఈ గుడిలో నా బియ్యం ఉంది అని తలెత్తుకొని నిలబడుతుంది.

మా అమ్మ బియ్యం చాటలో పోసుకోగానే ముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. వండాక మిగిలింది కాదు, ఎసట్లో పోయకముందే. పిల్లలం ఆకలితో చూస్తున్నా ఆ గుప్పెడు తగ్గేది కాదు, పెరిగేది కూడా కాదు. ఆదివారం ఆ కుండ చర్చిలో ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి వాళ్లకు చేరేది. కౌలురైతు తమ్ముడూ, నీ దోసెడు పత్తి ఆ లెక్కలోదే.

పరకాల_కౌలురైతు

సారూ, నమస్కారం. ఇది మా ఇంటామెకు చదివి వినిపించా. దోసెడు కాదు, చిన్న గంప నింపుదాం అన్నది. అడ్తిదారుకు పోయే బస్తాల్లోంచి కాదు, గట్టు మీద బెండ, సోర పెట్టింది తన సొంతం కదా, మొదటి కాపు దాంట్లోంచి. పత్తి సంగతి వచ్చే ఏడు చూద్దాం అంది. నాకు అది బాగానే తోచింది.

దావీదు అరౌనా కల్లం కొన్న కథ మాత్రం నాకు బాగా ఎరుక. మాది కల్లం బతుకే. అరౌనా కల్లం, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరికే ఇస్తానన్నాడు. రాజు వద్దన్నాడు. వెల ఇవ్వకుండా తీసుకున్నది నా దేవునికి అర్పించను అని యాభై తులాల వెండి తూచి ఇచ్చాడు. ఇంట్లో అడ్డంగా ఉన్న సోఫాను సాగనంపితే ఇచ్చినవాడికి ఖర్చేం అయింది? ఇల్లు ఖాళీ అయింది, అంతే.

సండేస్కూల్_టీచరమ్మ (కాజీపేట)

మొత్తం చర్చలో నాకు నచ్చిన మాట ఇదే. కమిటీ తమ్ముడూ, నీ పది నిమిషాలూ కౌలురైతు అన్నకు ఇచ్చెయ్.

వడ్డేపల్లి_యూత్ (హన్మకొండ)

అందరికీ వందనాలు. నిన్న కమిటీ మళ్లీ కూర్చుంది. మీరు రాసినవి ఫోన్‌లో చూపించా. హెచ్చెం సారు మాటలు మా అయ్యగారు (పాస్టరు) రెండుసార్లు చదివించుకున్నారు.

ఏసీ ఇస్తామన్న అంకుల్ ఇంటికి నేను, అయ్యగారు వెళ్లాం. అయ్యగారు ఒకటే అడిగారు: 'అంకుల్, మీరు కొత్తది ఏ గదిలో పెట్టించుకున్నారు?' ఆయన నవ్వేసి, పాతదాన్ని తనే స్క్రాప్‌కు వేస్తానన్నారు. ప్రార్థనకు వచ్చే ముసలమ్మలు ఎండాకాలం కూర్చునే వరండాకు రెండు కొత్త ఫ్యాన్లు వేయిస్తానన్నారు. వేయించాక చెప్తా. స్టోర్ రూమ్ సామాను కూడా అమ్మేస్తున్నాం.

ఇకపై పని చేసే వస్తువైతే పాతదైనా తీసుకుంటాం. పని చేయనిది అయితే మర్యాదగా వద్దంటాం. ఇంకొకటి ప్రతిపాదించాను: మైకులో పేర్లు చదవడం ఆపాలని. అక్కడ మళ్లీ గొడవ.

మిర్చి_యార్డు (ఎనుమాముల)

పేర్లు చదవకపోతే వసూలు తగ్గుతుంది తమ్ముడూ, రాసిపెట్టుకో. మా ఊళ్లో కోత పండుగ వేలంలో ఒక గుమ్మడికాయ కోసం ఇద్దరు పంతానికి పోయి వేలల్లోకి తీసుకుపోతారు. ఇద్దరికీ గుమ్మడికాయ కూర పడదు. పేరు కోసమే. ఆ డబ్బుతోనే చర్చికి సున్నం వేశాం.

సండేస్కూల్_టీచరమ్మ (కాజీపేట)

కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియొద్దన్నాడు ప్రభువు. మనం ఏకంగా సౌండ్ బాక్సులు పెట్టి చెబుతున్నాం. తగ్గితే తగ్గనియ్యండి.

హెచ్చెం_సారు (మహబూబాబాద్)

అంత తొందరగా తేల్చకండి టీచరమ్మా. దావీదు దేవాలయం కోసం ఇచ్చినదాన్ని అందరి ముందూ చెప్పాకే పెద్దలు మనసు పెట్టి ఇచ్చారని దినవృత్తాంతములలో ఉంది. మొదటి గ్రంథం ఇరవై తొమ్మిదో అధ్యాయం. బయటికి చెప్పిన ప్రతి కానుకా గొప్పల కోసం కాదు.

సండేస్కూల్_టీచరమ్మ (కాజీపేట)

దావీదు తన సొంత లెక్క చెప్పాడు సారూ. ఇంకొకరి చేత చదివించుకోలేదు. నేను ఒప్పుకోను.

మోడరేటర్

పేర్లు చదవడం మీద వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడే అయితే అన్నీ కలిసిపోతాయి. దావీదు వచనం అక్కడికి తీసుకెళ్లండి సారూ. టీచరమ్మగారు అక్కడ ఎలాగూ ఉంటారు.